తొమ్మిది పత్రాల్లో రెండు

2015 జులైలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఒక ప్రకటన చేసింది. తన గ్రంథాలయంలోని రెండు దివ్య ఖుర్ఆన్ పత్రాలు ప్రపంచంలో లభిస్తున్న అతి ప్రాచీన ఖుర్ఆన్ ప్రతుల కోవకు చెందినవని ఆ ప్రకటన సారాంశం. ఆక్స్‌ఫర్డ్‌లో జరిపిన రేడియోకార్బన్ పరీక్షలో ఆ చర్మపత్రం క్రీ.శ. 568కీ 645కీ మధ్యకాలానిదని 95.4 శాతం సంభావ్యతతో తేలింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితకాలం సుమారు 570 నుంచి 632 వరకు. ఈ వార్త వినగానే ఎందరో ముస్లిముల హృదయాలు పులకించాయి.

అయితే ఆ పత్రాలు కొత్తగా ఏ ఎడారిలోనో తవ్వగా బయటపడినవి కావు. దశాబ్దాలుగా అవి గ్రంథాలయపు భద్రతలోనే ఉన్నాయి. వాటికి సంఖ్య ఉంది, పట్టికలో నమోదు ఉంది. మరి ఇంతకాలం వాటి విలువ ఎందుకు తెలియలేదు? ఆ ప్రశ్నకు సమాధానం వెదికితే, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ప్రాచీన గ్రంథాలను ఏ పద్ధతిలో అమర్చుతాయో, ఆ అమరిక ఎంత బరువైన బాధ్యతో బోధపడుతుంది.

అచ్చు పుస్తకాలను గ్రంథాలయాలు సాధారణంగా విషయాన్ని బట్టి అమర్చుతాయి. చరిత్ర ఒక అరలో, వైద్యం మరొక అరలో ఉంటాయి. ఒక ప్రతి పోయినా మరొకటి తెప్పించవచ్చు. రాతప్రతి సంగతి అలా కాదు. ఒకే గ్రంథాన్ని ఇద్దరు లేఖకులు రాసినా అవి రెండు వేర్వేరు వస్తువులు. అందుకే రాతప్రతిని అది వచ్చిన సేకరణ పేరుతో, మారని సంఖ్యతో గుర్తిస్తారు. ఎవరు సేకరించారన్నది కూడా దాని చరిత్రలో భాగమే.

బర్మింగ్‌హామ్ పత్రాలు మింగానా సేకరణకు చెందినవి. నేటి ఇరాక్ ఉత్తర ప్రాంతంలో జన్మించిన క్రైస్తవ పండితుడు అల్ఫోన్స్ మింగానా, చాక్లెట్ వ్యాపార కుటుంబానికి చెందిన ఎడ్వర్డ్ క్యాడ్‌బరీ ఆర్థిక సహాయంతో 1920ల్లో మధ్యప్రాచ్యంలో పర్యటించి రాతప్రతులు సేకరించాడు. ఆ సేకరణలో నేడు మూడు వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. వాటిని భాషల వారీగా విభజించి వరుస సంఖ్యలు వేశారు. ‘మింగానా ఇస్లామిక్ అరబిక్ 1572’ అన్న గుర్తులో సేకర్త పేరు, విభాగం, భాష, సంఖ్య అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఆ సంఖ్య కింద తొమ్మిది పత్రాలు కలిసి ఉండేవి. అన్నీ చర్మపత్రాలే, అన్నీ హిజాజీ లిపిలోనివే. పైపైన చూసిన కంటికి అవి ఒకే ప్రతిగా తోచేవి. ఆ విశ్వవిద్యాలయంలోనే డాక్టరేట్ పరిశోధన చేసిన ఆల్బా ఫెదెలీ వాటిని నిశితంగా పరిశీలించి, రెండు పత్రాలు మిగిలిన ఏడింటితో పొసగవని గుర్తించారు. ఆ ఏడూ తర్వాతి కాలపు మరో ముస్‌హఫ్‌లోనివి. ఆ పరిశోధన తర్వాతే రేడియోకార్బన్ పరీక్ష జరిగింది.

ఇక్కడ గ్రంథాలయం పాటించిన మర్యాద గమనించదగ్గది. పొరపాటు తెలిసిందని పాత సంఖ్యను చెరిపివేయలేదు. రెండు పత్రాలకు 1572ఎ అనీ, ఏడింటికి 1572బి అనీ పేర్లు పెట్టారు. పాత సంఖ్యను ఉదహరించిన రచనలు చదివేవారు నేటికీ దారి తప్పకుండా ఆ పత్రాలను చేరగలరు.

ఆ రెండు పత్రాల్లో అల్ కహఫ్, మర్యమ్, తాహా సూరాలలోని కొన్ని ఆయతులున్నాయి. నేడు మన ఇళ్లలో పారాయణం చేసే పాఠానికి ఆ పాఠం ఎంతో సన్నిహితంగా ఉంది. పరీక్ష చెప్పేది చర్మం వయస్సునే గాని సిరా వయస్సును కాదు. కనుక రాత మరికొంత తర్వాతిది కావచ్చుననే పండితులూ ఉన్నారు. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న పదహారు పత్రాలు ఇదే ముస్‌హఫ్‌లోనివని పరిశోధకులు గుర్తించారు. ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) పేరిట ఉన్న మసీదు నుంచి అవి ఐరోపా చేరాయి. రెండు దేశాల్లో విడిపోయిన పత్రాలను కలిపి చూపినవి సంఖ్యలూ, వివరణలూ, ఛాయాచిత్రాలే.

అందుకే రాతప్రతి వివరణలో గ్రంథం పేరు ఒక్కటే రాసి ఊరుకోరు. పత్రాల సంఖ్య, కొలతలు, పుటకు ఎన్ని పంక్తులు, లిపి, ఆరంభ వాక్యం, ముగింపు వాక్యం, లేఖకుడు చివర రాసుకున్న పేరూ తేదీ, యజమానుల ముద్రలు, వక్ఫ్ చేసినట్లు రాసిన మాటలు అన్నీ నమోదు చేస్తారు. చదివే గదిలోకి సిరా కలాన్ని రానివ్వరు, పెన్సిల్ మాత్రమే అనుమతిస్తారు. గ్రంథాన్ని మెత్తటి ఆధారంపై ఉంచి, వీపు విరగకుండా కొద్దిగానే తెరుస్తారు.

మన దగ్గర హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అరబీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. అయితే గ్రంథాలయాలకు చేరనివి మన ఇళ్లలో ఇంకా ఎన్నో ఉండవచ్చు. తాతగారి ట్రంకుపెట్టెలో, అటక మీద, పాత జుజ్‌దాన్‌లో చుట్టి ఉన్న గ్రంథం చినిగిపోయిందని, దాన్ని అగౌరవం కాకుండా భూస్థాపితం చేయాలని మనం తలుస్తాం. ఆ సదుద్దేశం మెచ్చదగినదే. కాని చేతిరాత గ్రంథమైతే ఆ పని చేసే ముందు తెలిసినవారికి ఒకసారి చూపించండి. విడిపోయిన పత్రాలను అందంగా ఉండాలని వేరే గ్రంథంతో కలిపి కుట్టించకండి. టేపు అంటించకండి, ప్లాస్టిక్ పొర వేయించకండి. ఆ గ్రంథం ఎవరిదో, ఏ ఊరి నుంచి వచ్చిందో పెద్దలను అడిగి వేరే కాగితంపై రాసి దానితో ఉంచండి.

తొమ్మిది పత్రాలను తెంచకుండా, పారవేయకుండా ఒక సంఖ్య వేసి భద్రపరచినందువల్లనే కదా, వాటిలోని రెండింటి విలువ దశాబ్దాల తర్వాతనైనా వెల్లడైంది! మన పెట్టెలోని పత్రం విలువ మనకు ఈనాడు తెలియకపోవచ్చు. అది తెలిసే రోజు వరకు దాన్ని భద్రంగా ఉంచడం మనకు అప్పగించిన అమానత్.