పెద్ద టైరు అంటే ఏది పెద్దది?

2018లో అమెరికా రోడ్ల మీదికి వచ్చిన టెస్లా మోడల్ 3 పర్ఫార్మెన్స్‌కు నాలుగు చక్రాలకూ ఒకటే సైజు టైర్లు: 235/35ఆర్20. 2024లో ఆ కారును కొత్తగా తీర్చిదిద్దినప్పుడు కంపెనీ ముందు టైర్ల సైజు అలాగే ఉంచి, వెనకవాటిని మాత్రం 275/30ఆర్20 చేసింది. ఒక్కసారే 40 మిల్లీమీటర్ల వెడల్పు పెరిగింది. ఇంత వెడల్పు పెరిగాక టైరు ఎత్తు కూడా బాగానే పెరిగి ఉంటుందనుకుంటాం. లెక్క వేసి చూస్తే పాత టైరుకూ కొత్త టైరుకూ ఎత్తులో తేడా అర మిల్లీమీటరు.

అది అనుకోకుండా కుదిరింది కాదు. దాని వెనకున్న లెక్క పట్టుబడితే, జోరున్న ఎలక్ట్రిక్ కారుకు పెద్ద టైర్లు వేయించుకోవాలనుకునేవాళ్లకు సగం పని అయిపోయినట్టే. టైరు మీద అచ్చయిన మూడు అంకెల్లో మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. చిక్కంతా మధ్య అంకెతోనే. 35 అంటే 35 మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో 35 శాతం. 235లో 35 శాతం 82.25 మి.మీ.; రిమ్ము నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు అది. పైనొక గోడ, కిందొక గోడ కలిపి 164.5. దానికి 20 అంగుళాల రిమ్ము, అంటే 508 మి.మీ. కలిపితే టైరు మొత్తం ఎత్తు 672.5 మి.మీ. అదే 275/30 తీసుకుంటే గోడ 82.5, మొత్తం 673. వెడల్పు పెంచినప్పుడు మధ్య అంకెను 35 నుంచి 30కి దించారు కాబట్టే ఎత్తు కదలలేదు.

మధ్య అంకె ముట్టుకోకుండా వెడల్పు మాత్రమే పెంచితే ఎత్తు మనం అడగకపోయినా పెరుగుతుంది. షాపుకెళ్లి ‘ఇంకొంచెం వెడల్పువి వెయ్యండి’ అని 255/35ఆర్20 వేయించుకుంటే ఎత్తు 686.5 మి.మీ. అవుతుంది. పాతదానికన్నా 14 మి.మీ., అంటే 2.1 శాతం ఎక్కువ. చూడ్డానికి చిన్న అంకె. కారులో మాత్రం అది చాలా చోట్ల తగులుతుంది.

మొదట మీటరు. కారు తాను వెళ్లిన దూరాన్ని చక్రం తిరిగిన చుట్లతో లెక్కగడుతుంది. 235/35ఆర్20 టైరు కిలోమీటరుకు దాదాపు 473 చుట్లు తిరిగితే, 255/35ఆర్20 సుమారు 464 తిరుగుతుంది. టైరు మార్చిన సంగతి కారుకు తెలియదు. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి 102లో పోతుంటుంది. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపవచ్చు గానీ తక్కువ చూపకూడదు. అందుకే కంపెనీలు ముందే కాస్త ఎక్కువ చూపేలా మీటరు అమర్చుతాయి. మన 2 శాతం ఆ వెసులుబాటును తినేస్తుంది. నా మటుకు 2 శాతం దగ్గరే ఆగడం మంచిది. 3 దాటితే మీటరును నమ్మి బండి నడపడం కుదరదు.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. ఓడోమీటరు 10,000 కి.మీ. చూపేసరికి బండి నిజానికి 10,208 కి.మీ. తిరిగి ఉంటుంది. ఖర్చయిన కరెంటు అసలు దూరానిది, భాగించేదేమో మీటరు చూపిన దూరంతో. కిలోమీటరుకు 160 వాట్ అవర్లు తాగే కారు తెర మీద 163కు పైగా చూపిస్తుంది. కొత్త టైర్లు వేయించిన వారానికే ‘రేంజ్ పడిపోయింది’ అని బాధపడేవాళ్లు ముందు ఈ 2 శాతాన్ని పక్కకు తీయాలి. అది పోయిన రేంజ్ కాదు, కొలతలో వచ్చిన తేడా.

నిజంగా పోయే రేంజ్ వేరే ఉంది, అది ఇంతకన్నా పెద్దది. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కు 2021లో అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన అంకెలు చూడండి: 19 అంగుళాల చక్రాలతో 396 మైళ్లు, 21 అంగుళాలతో 348. కిలోమీటర్లలో 637, 560. ఒకటే కారు, ఒకటే బ్యాటరీ, 12 శాతం తేడా. వెనక టైర్లు 19లో 285/40, 21లో 295/30. పైన చేసిన లెక్కే చేస్తే వాటి ఎత్తులు 710.6, 710.4 మి.మీ. వెడల్పులో తేడా 10 మి.మీ. మాత్రమే. అంటే రేంజ్ పోవడానికి ఎత్తు కారణం కాదు. ఆ కాస్త వెడల్పుకే 77 కి.మీ. పోతాయన్నా నమ్మలేం. చక్రం డిజైన్ గాలిని ఎలా కోస్తోంది, టైరు ఏ రబ్బరుతో తయారైంది అన్నవే అసలు కారణాలు.

ఈ రబ్బరు సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఎలక్ట్రిక్ కారులో టైరు సైజు కన్నా దీని పెత్తనమే ఎక్కువ. యూరప్‌లో అమ్మే ప్రతి టైరు మీదా ఏ నుంచి ఈ వరకు ఒక అక్షరం ఉంటుంది. టన్ను బరువును దొర్లించడానికి ఎన్ని కిలోల బలం కావాలో అది చెబుతుంది. కార్ల టైర్లలో 6.5 కిలోలు, అంతకు తక్కువైతే ఏ. 9.1 నుంచి 10.5 వరకు డి. మన మోడల్ 3 పర్ఫార్మెన్స్ బరువు 1,847 కిలోలు, డ్రైవర్‌తో, సామానుతో 1.95 టన్నులు అనుకుందాం. టన్నుకు 7 కిలోల టైర్లయితే దొర్లడానికే కిలోమీటరుకు 37 వాట్ అవర్లు పోతాయి. 10 కిలోల టైర్లయితే 53. తేడా 16. గంటకు 100 కి.మీ. వేగంలో ఇదే కారు గాలిని చీల్చుకుపోవడానికి పెట్టే ఖర్చు దాదాపు 65 వాట్ అవర్లు. దాని పక్కన పెట్టి చూస్తే 16 ఎంత పెద్ద అంకో అర్థమవుతుంది. 160 తాగే కారులో అది పదో వంతు. వెడల్పు 20 మి.మీ. పెంచి మంచి రబ్బరు వేసుకున్నవాడు, పాత సైజులోనే ట్రాక్ రబ్బరు వేసుకున్నవాడి కన్నా ఎక్కువ దూరం వెళ్లగలడు.

మరి వెడల్పు టైరు ఎందుకు? పట్టు కోసం. ఈ కారు 100 కి.మీ. వేగం అందుకోవడానికి తీసుకునే సమయం 3.3 సెకన్లు. సగటున 0.86 జీ. అంటే తన బరువులో 86 శాతం బలంతో టైర్లు రోడ్డును వెనక్కి నెట్టాలి. పది సెకన్లు తీసుకునే మామూలు కారులో ఈ అంకె 0.28. రోజువారీ టైరు పొడి రోడ్డు మీద ఇవ్వగల పట్టులో చాలా భాగాన్ని ఎలక్ట్రిక్ కారు పెడల్ నొక్కగానే వాడేసుకుంటుంది.

అయితే వెడల్పు పెంచితే రోడ్డును తాకే రబ్బరు కూడా అంత మేరా పెరుగుతుందనుకోవడం సరికాదు. ఒక్కో చక్రం మీద 462 కిలోలు. టైరులో గాలి 42 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు 2.95 కిలోలు. భాగిస్తే 156 చదరపు సెంటీమీటర్లు. టైరు 235 అయినా 275 అయినా, గాలి అంతే ఉంటే తాకే చోటు సుమారుగా ఇంతే. ఒకే పిండిముద్దను పొడుగ్గా ఒత్తామా, అడ్డంగా ఒత్తామా అన్నదే తేడా. అడ్డంగా పరుచుకున్నప్పుడు మలుపులో టైరు తక్కువ మెలిపడుతుంది, వేడి ఎక్కువ రబ్బరుకు పంచుకుపోతుంది, అరుగుదల ఒకచోట పోగుపడదు. గాలి 36కు దించితే తాకే చోటు 182 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. కానీ దానికో మెలిక ఉంది.

టైరు సైజు పక్కన 92వై లాంటి గుర్తు ఉంటుంది. 92 అంటే ఒక్క టైరు 630 కిలోలు మోయగలదని. ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని ఉన్న టైరుకు ఆ బలం గాలి 42 పీఎస్ఐ ఉన్నప్పుడే. గాలి దించితే మోత తగ్గుతుంది. 2024 మార్చిలో భారత్‌కు వచ్చిన బీవైడీ సీల్ పర్ఫార్మెన్స్‌ను తీసుకోండి. 530 హార్స్‌పవర్, 100 అందుకోవడానికి 3.8 సెకన్లు, బరువు 2,185 కిలోలు. ఐదుగురు ఎక్కితే 2,560. నాలుగు టైర్ల మీదా సమానంగా పడినా ఒక్కోదాని మీద 640 కిలోలు. 92 గుర్తున్న టైరు ఇక్కడ చాలదు, అది ఎంత వెడల్పైనా సరే. టైరు కొనేటప్పుడు ధర, బ్రాండు, ట్రెడ్ డిజైన్ అన్నీ అడుగుతాం. ఈ రెండంకెల సంఖ్య అడిగేవాళ్లు అరుదు. కంపెనీ టైరు మీద ఎంతుందో అంతకు తగ్గకూడదన్నది ఒక్కటే నియమం, దీనికి మినహాయింపు లేదు.

ఇక చోటు. పాత 8.5 అంగుళాల రిమ్ము మీదే 255 వేస్తే టైరు లోపలికి పదీ బయటికి పదీ మిల్లీమీటర్లు పెరుగుతుంది, పైకి 7. 255/35కు అనుమతించిన రిమ్ము వెడల్పు 8.5 నుంచి 10 అంగుళాలు, కాబట్టి అంచు మీద సరిపోతుంది. 265/35కు కనీసం 9 కావాలి, పాత రిమ్ము పనికిరాదు. కొత్త రిమ్ము కొంటే ఆఫ్‌సెట్ చూడాలి; రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కు బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె అది. అదే ఆఫ్‌సెట్‌తో రిమ్ము ఒక అంగుళం వెడల్పు పెరిగితే అటూ ఇటూ 12.7 మి.మీ. చొప్పున జరుగుతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గిస్తే చక్రం మొత్తం 10 మి.మీ. బయటికి వస్తుంది. లోపల సస్పెన్షన్‌కు తగిలేది తప్పించుకుని బయట ఫెండర్‌కు తగిలించుకునే బేరం ఇది.

తగులుతోందో లేదో నిలబెట్టిన కారు దగ్గర తెలియదు. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, వెనక ఇద్దరిని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించాలి. తర్వాత చక్రం పైనుండే నల్ల ప్లాస్టిక్ లైనర్‌ను టార్చి వేసి చూడాలి. మట్టిపట్టిన ప్లాస్టిక్ మీద ఒకచోట మాత్రం నున్నగా మెరుస్తూ చార కనిపిస్తే టైరు రాసుకున్నట్టు. ఆ చార రోజులు గడిచేకొద్దీ లోతవుతుంది.

టెస్లా తానే ట్రాక్ కోసం అమ్మిన ప్యాకేజీలో 9 అంగుళాల రిమ్ము మీద 245/35ఆర్20 వేసింది. ఎత్తు 679.5, పెరిగింది ఒక్క శాతం. కారు కట్టినవాళ్లు రిమ్ము వెడల్పు పెంచి మరీ ఒక మెట్టు దగ్గర ఆగారు. ఇరవై అంగుళాల రిమ్ము వదలనివాళ్లకు నేను చెప్పేదీ అదే సైజు.

వదిలేవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. మోడల్ 3కి కంపెనీ ఇచ్చిన మూడు సైజులు చూస్తే 18 అంగుళాలకు 235/45, 19కి 235/40, 20కి 235/35. ఎత్తులు 668.7, 670.6, 672.5. మూడూ నాలుగు మిల్లీమీటర్ల లోపే. రిమ్ము చిన్నదైతే ఆ మేరకు రబ్బరు గోడ పెరుగుతుంది, అంతే. 18 అంగుళాల రిమ్ము మీద 265/40 వేస్తే ఎత్తు 669.2, కంపెనీ 20 కన్నా అర శాతం తక్కువ. వెడల్పు మాత్రం 30 మి.మీ. ఎక్కువ, గోడ 82 బదులు 106. మీటరు దాదాపు సరిగ్గా చూపిస్తుంది, పట్టు పెరుగుతుంది, గుంటలో పడ్డప్పుడు రిమ్ము వంగే భయం తగ్గుతుంది. అమెరికా ఈశాన్యంలో మంచు కరిగాక రోడ్లు గుంటలు తేలతాయి. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు టెస్లాలు బారులు తీరి లైట్లు ఆడించిన న్యూజెర్సీ ఎడిసన్ ప్రాంతంలో ఉన్న మనవాళ్లకు ఆ గుంటల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ 82 మిల్లీమీటర్ల గోడ చాలా పల్చన. అయితే పర్ఫార్మెన్స్ ముందు బ్రేక్ డిస్కు 355 మి.మీ., దాని మీద క్యాలిపర్ ఉంటుంది. 457 మి.మీ. రిమ్ము లోపల అది ఇమడాలి. అన్ని 18 అంగుళాల రిమ్ములూ ఇమడవు. కొనేముందు ఈ మోడల్‌కే సరిపోతుందని రాతపూర్వకంగా తీసుకోవాలి. 275/35ఆర్18 దాకా వెళ్తే ఎత్తు 3.4 శాతం తగ్గుతుంది. అది అతి.

హైదరాబాద్‌లో సీల్ నడిపేవాళ్లు అడిగే ప్రశ్న ఎక్కువగా వేరేది: స్పీడ్ బ్రేకర్లకు కింద తగలకుండా టైరు పెంచొచ్చా అని. 235/45ఆర్19ను 245/45 చేస్తే ఎత్తు 9 మి.మీ. పెరుగుతుంది, కారు లేచేది అందులో సగం, నాలుగున్నర. 255/45 చేసినా 9 మాత్రమే లేస్తుంది, మీటరు 2.6 శాతం తప్పుతుంది. అంత కొంచెం కోసం అంత నష్టం దండగ. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు పొంతన లేని మార్పులను ఒప్పుకోదు. బీమా కంపెనీ రేపు అడిగేది కూడా అదే. టైరు మార్చాక పాలసీలో ఆ సంగతి రాయించుకోవడం మేలు.

ముందొక సైజు, వెనకొక సైజు వేసేవాళ్లు ఎత్తుల తేడా అర శాతం లోపు ఉండేలా చూసుకోవాలి. ఈ కార్లలో ముందు మోటారుకూ వెనక మోటారుకూ మధ్య ఇరుసు లేదు కాబట్టి ఏదీ విరిగిపోదు. కానీ ఏ చక్రం జారుతోందో సాఫ్ట్‌వేర్ నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చే తెలుసుకుంటుంది. వెనక టైరు ఎప్పుడూ రెండు శాతం నెమ్మదిగా తిరుగుతుంటే, ముందు చక్రం జారుతోందని పొరపడి పవర్ కోసేసే అవకాశం ఉంది.

షాపులో రెండు జాగ్రత్తలు. టెస్లా కింద పరచుకున్నదంతా బ్యాటరీ. జాక్ పెట్టాల్సిన చోట్లు నాలుగే, వాటిలో పెట్టే రబ్బరు ప్యాడ్లు మనమే తీసుకెళ్లాలి. తర్వాత చక్రాల నట్లు. ఎయిర్ గన్‌తో బిగించి పంపేస్తారు. మోడల్ 3కి చెప్పిన బిగువు 175 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచితో చేతిబిగువు వేయించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించాలి. ఇంకో మాట: కంపెనీ టైరు లోపల చప్పుడు తగ్గించే స్పాంజి అతికించి ఉంటుంది. కొత్తవాటిలో అది లేకపోతే లోపల మోత పెరుగుతుంది, అది టైరు సైజు తప్పు కాదు. స్పాంజి ఉన్న టైరుకు పంచరైతే ఆ చోట దాన్ని కోసి తీశాకే ప్యాచ్ పడుతుంది. ఆ పని తెలిసిన షాపు మీ ఊళ్లో ఉందో లేదో టైరు కొనేముందే కనుక్కోండి.