నిమిషానికి 1500 చుట్లు

హైదరాబాద్ బోరబండలో ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలెక్కి లింగంపల్లి వైపు వెళ్తే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. గాలివానకు ఫీడరు ట్రిప్పయితే రెండు చోట్లా కరెంటు ఒకేలా పోతుంది. తిరిగి రావడంలోనే తేడా. అక్కడ అద్దాల భవనాల వెనక వందల కిలోవాట్ల డీజిల్ జనరేటర్లు ఎవరి చెయ్యీ పడకుండానే కొన్ని సెకన్లలో అందుకుంటాయి. ఇక్కడ బండల వాలు మీద కట్టుకున్న ఇళ్లలో ఇన్వర్టరు ఉన్నవాళ్లకు ఫ్యాను తిరుగుతుంది, లేనివాళ్లు గుమ్మంలోకొచ్చి కూర్చుంటారు. స్పానరు పట్టడం తెలిసినవాడికి అలాంటప్పుడే ఒక ఆలోచన వస్తుంది. ఊళ్లో బావి దగ్గర మూలనపడ్డ ఆయిల్ ఇంజన్ తెచ్చి, దానికో ఆల్టర్నేటరు తగిలిస్తే సరిపోదా?

సరిపోతుంది. అయితే ఇంజన్‌ను తిప్పడం ఇందులో తేలికైన పని. దాన్ని ఒకే వేగం మీద నిలబెట్టడం అసలు పని. ఈ యంత్రం ఎదిగిన తీరు చూస్తే, బలం సంపాదించడానికి పట్టిన కష్టం కంటే ఆ బలాన్ని అదుపులో పెట్టడానికి పట్టిన కష్టమే ఎక్కువనిపిస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. మ్యూనిక్‌లో చదివే రోజుల్లో, ఆవిరి ఇంజన్ బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చలేదని కార్ల్ ఫాన్ లిండే పాఠాల్లో విన్నాడు. ఆ నష్టం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి కొడితే పంపు వేడెక్కుతుంది కదా. గాలిని అలాగే పదిహేనో పదిహేడో రెట్లు కుదిస్తే వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి నూనెను తుంపరగా వదిలితే చాలు, స్పార్క్ ప్లగ్గు లేకుండానే అంటుకుంటుంది. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1893లో ఔగ్స్‌బర్గ్‌లో తొలి పరీక్షలోనే పీడనం కొలిచే సాధనం పేలి ముక్కలైంది. 1897లో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించిన 20 హార్స్‌పవర్ ఇంజన్ మాత్రం ఇంధనంలోని శక్తిలో 26 శాతం పైగా పనిగా మార్చింది.

1913 సెప్టెంబరు 29 రాత్రి, ఇంగ్లండు వెళ్తున్న డ్రెస్డెన్ అనే ఓడలోంచి డీజిల్ మాయమయ్యాడు. కొన్నాళ్లకు సముద్రంలో శవం దొరికింది. అప్పటికి ఆయన ఇంజన్లు ఫ్యాక్టరీల్లో, ఓడల్లో నడుస్తున్నాయి గాని రైతు దగ్గరికి రాగలిగినవి కావు. నూనెను సిలిండర్లోకి ఊదడానికి ఒక కంప్రెసరు వాటి వెంట ఉండాల్సి వచ్చేది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంధన పంపును పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక ఆ భారం దిగిపోయింది. అరచేతిలో పట్టేంత పంపు, ఒక సన్నని నాజిల్ ఆ పని చేశాయి. 1930 ప్రాంతంలో ఇంగ్లండులోని డర్స్‌లీ పట్నం నుంచి లిస్టర్ కంపెనీ సింగిల్ సిలిండర్ ఇంజన్ వచ్చింది. అయిదారు హార్స్‌పవర్లు, నిమిషానికి 600–650 చుట్లు, అటొకటి ఇటొకటి రెండు బరువైన చక్రాలు. హ్యాండిల్ వేసి చేత్తో తిప్పితే స్టార్టయ్యేది.

ఆ నమూనాను మన దేశంలో రాజ్‌కోట్ ఫౌండ్రీలు అందుకున్నాయి. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ ఇంధన పరికరాలు ఇక్కడే తయారు చేయడం వాటికి కలిసొచ్చింది. తెలుగు పల్లెల్లో ఆయిల్ ఇంజన్ బావి మీద నీళ్లు తోడింది, గిర్నీలో పిండి పట్టింది, కరెంటు లేని ఊళ్లలో టూరింగ్ టాకీసుకు వెలుగునిచ్చింది. నీటిమట్టం దిగిపోవడంతో దాని రోజులు అయిపోయాయి. పైనున్న పంపు ఏడెనిమిది మీటర్లకు మించి నీళ్లు పీల్చలేదు, ఎందుకంటే నీటిని పైకి నెట్టేది గాలి ఒత్తిడే, దానికి అంతకంటే శక్తి లేదు. బోర్లూ సబ్‌మెర్సిబుల్ మోటార్లూ వచ్చాక ఇంజన్లు షెడ్ల మూలకు చేరాయి. ఇనుము చావలేదు కాబట్టే ఇప్పుడు జనరేటరు ఆలోచన పుడుతోంది.

ఇక కూర్పు. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారే చక్రం పూర్తి చేస్తుంది. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు ఒక్కో చుట్టుకు రెండు చక్రాలు పుట్టిస్తుంది కనుక సెకనుకు 25 చుట్లు, అంటే నిమిషానికి 1500 తిరగాలి. ఇంజన్ తిరిగేది 650. అందుకని ఇంజన్ వైపు పుల్లీ ఆల్టర్నేటరు పుల్లీకి దాదాపు 2.3 రెట్లు ఉండాలి, బెల్టు జారుడుకు ఇంకొంచెం కలుపుకోవాలి. పుల్లీలు, బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. గాడి కోయాలన్నా, షాఫ్టు సరిచేయాలన్నా బాలానగర్‌లో లేత్ షాపులున్నాయి.

బల్బు వెలుగుతుంది, కాని రెపరెపలాడుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు ఒక్కసారే మంట. 650 చుట్లకు 325 దెబ్బలు, అంటే సెకనుకు అయిదు చిల్లర. దెబ్బకూ దెబ్బకూ నడుమ వేగం కాస్త తగ్గి మళ్లీ అందుకుంటుంది, ఆ ఊగిసలాట కంటికి తెలుస్తుంది. దాన్ని మింగడానికే ఆ బరువైన చక్రాలు. చక్రంలో దాగే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1500 తిరిగే ఆల్టర్నేటరు వైపు చిన్న ఫ్లైవీల్ బిగించినా తేడా కనిపిస్తుంది.

ఫ్రిజ్ ఆన్ అయిందనుకోండి. లోడు పడగానే ఇంజన్ నెమ్మదిస్తుంది. అప్పుడు వేగాన్ని అదుపు చేసే గవర్నరులో తిరిగే గుండ్లు లోపలికి ముడుచుకుని పంపు రాడ్డును కదిలిస్తాయి, నూనె ఎక్కువ పడుతుంది, వేగం తేరుకుంటుంది. ఆ గవర్నరు తుప్పుపట్టి బిగుసుకుపోతే? లోడు తీసెయ్యగానే వేగం విపరీతంగా పెరిగి వోల్టేజీ టీవీని కాల్చేస్తుంది. అంతకన్నా భయంకరం, పోత ఇనుప చక్రం పగిలితే ముక్కలు గోడల్ని కూడా చీల్చుకుపోతాయి. పాత ఇంజన్ కొనేటప్పుడు పిస్టన్ కంటే ముందు గవర్నరు చూడమంటాను.

మన దక్షిణాది గ్రిడ్డు 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది. అప్పటి నుంచి దేశమంతటి జనరేటర్లు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి. ఒకటి తడబడితే వేలాది టన్నుల తిరిగే ఇనుము దాన్ని నిలబెడుతుంది. ఇంట్లో కూర్చిన యంత్రానికి అలాంటి తోడు లేదు. గ్రిడ్డంతా కలిసి చేసే పని రెండు చక్రాలు, రెండు గుండ్లు చెయ్యాలి. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఈ పాత ఇంజన్ మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఖర్చు మాత్రం తక్కువ కాదు. లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల వేడి ఉంటే చేతికొచ్చే కరెంటు మూడు యూనిట్ల లోపే. లీటరు 95 రూపాయలనుకుంటే యూనిట్ 30 దాటుతుంది. అందుకే దీన్ని గంటా రెండు గంటల అవసరానికే ఉంచుకోవాలి. ఇంజన్‌కు డీజిలే కావాలన్న నియమమేమీ లేదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచింది. వందేళ్ల తరువాత నాటి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో ఆదివాసీలు కానుగ నూనెతో జనరేటర్లు నడిపారు. అక్కడి పవర్‌గూడ మహిళలు కానుగ గింజలు గానుగపట్టి నూనె తీశారు. 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడు తగ్గింపుకు గాను ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆ ప్రయత్నానికి తోడుంది. కానుగ నూనె చిక్కన, నాజిల్‌కు జిగురు పడుతుంది. డీజిల్‌తో స్టార్టు చేసి, వేడెక్కాక నూనెకు మార్చి, ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు రావాలి.

ఇరుకు గల్లీలో పొగ, చప్పుడు చిన్న విషయాలు కావు. డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఫ్యాక్టరీ జనరేటరు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని నియమం ఉంది. మూతలేని ఆయిల్ ఇంజన్ ఆ హద్దులో ఉండదు. దాన్ని గదిలో పెట్టి తలుపు మూయడమంటే ప్రాణంతో ఆట. ఆరుబయట పెట్టి, సైలెన్సరు గొట్టాన్ని పక్కింటి కిటికీల కంటే పైకి ఎత్తాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంటి బయట ఉంటుంది. కొందరు జనరేటరు వైరును నేరుగా ఏదో ఒక ప్లగ్గులో దూరుస్తారు. మెయిన్ ఆఫ్ చెయ్యడం మరిచారో, ఆ 230 వోల్టులు సర్వీసు వైరు మీదుగా వెనక్కి నడిచి వీధి ట్రాన్స్‌ఫార్మరు చేరతాయి. 11 వేల వోల్టుల్ని ఇంటికి దించే ఆ పెట్టె తలకిందులుగా పనిచేసి, ఇంటి కరెంటును 11 వేల వోల్టుల వైపు ఎగదోస్తుంది. లైను ఆపేశామన్న నమ్మకంతో లైన్‌మన్ ఆ స్తంభం మీదే ఉంటాడు. చేంజోవర్ స్విచ్ ఉంటే ఇలా జరగదు. దాని పిడి గ్రిడ్డు వైపుంటే జనరేటరు తెగిపోతుంది, జనరేటరు వైపుంటే గ్రిడ్డు తెగిపోతుంది, రెండూ ఒకేసారి కలిసే వీలు దాని నిర్మాణంలోనే లేదు. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంపే రకం తీసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు తరువాత వేయించి, ఎర్తింగ్ చూసుకోవాలి. ఇంజన్‌కు బేరం ఆడకముందే ఆ స్విచ్ గోడకెక్కాలి.