పసిచేతికి తగిన తంత్రులు

టెన్నిసు నేర్చుకొను బిడ్డకు రాకెట్టు కొనునప్పుడు దాని రంగును, బరువును, మీది ముద్రను ఎంతో శ్రద్ధతో పరీక్షించు తల్లిదండ్రులు, బంతిని తాకునట్టి తంత్రులను గూర్చి మాత్రము ఒక్క ప్రశ్నయైనను వేయక ఇంటికి మరలుచుందురు. బంతి తంత్రులపై నిలుచు కాలము సెకనులో సుమారు రెండువందలవ వంతు మాత్రమే. అయినను వేగమును, దిశయు, భ్రమణమును, మోచేతివరకు ప్రాకు అదురును ఆ లిప్తకాలముననే నిర్ణయమగుచున్నవి.

తంత్రులలో తొలుత పుట్టినది పశువుల ప్రేగుల పొరలనుండి తీసిన సహజమైన గట్టు. ఫ్రాన్సులోని లియాన్ నగరమున 1875లో బాబొలా వంశమువారు టెన్నిసుకై దానిని తయారుచేయ నారంభించిరి. మృదుత్వమున దానికి సాటి నేటికిని లేదు. కాని వెల అధికము, తేమ తగిలిన చెడును, కావున విశాఖపట్టణమువంటి సముద్రతీరమున నేర్చుకొను బాలునికి అది తగినది కాదు. నైలానుతో చేసిన సింథటిక్ గట్టు చవుక. సన్నని పోగులను వందలకొలది పేని చేసిన మల్టీఫిలమెంటు అంతకంటె మెత్తన. ఇక పాలియెస్టరు కథ వేరు. 1997లో ప్రపంచమున 66వ స్థానమందున్న బ్రెజిలు యువకుడు గుస్తావో కుయెర్తెన్ లక్సిలాన్ సంస్థవారి పాలియెస్టరు తంత్రులతో ఫ్రెంచి ఓపెను గెలుచుటతో, దాని కీర్తి దిగంతముల వ్యాపించినది. బిగువైన, నునుపైన ఆ తంత్రులు దెబ్బకు ప్రక్కకు జరిగి, మరల చటుక్కున స్వస్థానమునకు వచ్చుచు బంతికి అపారమైన భ్రమణము నొసగును. అయితే వానిని అట్లు కదలించుటకు ప్రౌఢుని భుజబలమును, విసరు వేగమును కావలెను. పదేండ్ల బిడ్డ మెల్లని దెబ్బకు అవి కదలవు. ఆ కాఠిన్యమంతయు లేత మోచేతికే చేరును.

అంతకంటె శోచనీయమైన విషయ మొకటి కలదు. పాలియెస్టరు తెగకమునుపే చచ్చును. దాని సాగుగుణము కొన్ని గంటల ఆటతోనే సన్నగిల్లును. వృత్తిక్రీడాకారులు ఆ సంగతి నెరిగి పోటీకి పోటీకి క్రొత్త తంత్రులు వేయించుకొందురు. బిడ్డయో, వానిని తెంపలేడు. తెగలేదు గదా యని తండ్రి నెలలతరబడి మార్పింపడు. మన్నికయని మనము మెచ్చుకొను గుణమే ఇచట హానికరమగుచున్నది.

బిగింపు విషయమున మన ఆటస్థలములలో ఒక అపోహ పాతుకొనిపోయినది: బిగించినకొలది దెబ్బకు బల మెక్కువయని. సత్యము దీనికి విరుద్ధము. నియమము ప్రకారము 100 అంగుళముల ఎత్తునుండి గచ్చుపై విడిచిన బంతి 53 మొదలు 58 అంగుళముల వరకే లేవవలెను; అనగా నలిగిన బంతి తన శక్తిలో ఇంచుమించు సగమును పోగొట్టుకొనును. తంత్రులో, తమకు చేరిన శక్తిని దాదాపు సంపూర్ణముగా తిరిగి యిచ్చును. కావున వదులుగా నున్న తంత్రులు తాము సాగి బంతిని తక్కువగా నలుగనిచ్చుటచే అది దూరముగా పోవును. బిగువైనచో బంతియే అణగి శక్తి వ్యర్థమగును, కాని గురి స్థిరపడును. ప్రఖ్యాత క్రీడాకారుడు బ్యోర్న్ బోర్గ్ 80 పౌండ్ల బిగింపుతో ఆడుట ఆయన బాహుబలమునకు చెల్లినది. బాలుర కది ఆదర్శము కానేరదు.

చిన్నపిల్లల 19 మొదలు 25 అంగుళముల రాకెట్లకు అంగడిలో వచ్చిన తంత్రులే చాలును. వారు ఆడు ఎఱ్ఱ, నారింజ, పచ్చచుక్క బంతులు మామూలు బంతికంటె మెత్తనివి. 26 అంగుళముల రాకెట్టు చేపట్టిన పిమ్మట సింథటిక్ గట్టునో, మల్టీఫిలమెంటునో 17 గేజి మందములో ఎన్నుకొని, చట్రముపై ముద్రించిన హద్దులలో క్రింది అంకెకు చేరువగా బిగింపించుట మేలు; 50 నుండి 60 పౌండ్లని యున్నచో 51 చాలును. కొన్ని వారములకే తంత్రులు తెగుచున్నయెడల మొదట కొంచెము లావైన 16 గేజి వేసి చూడవలెను. అదియు నిలువనిచో నిలువు తంత్రులు మాత్రమే పాలియెస్టరుగా, అడ్డు తంత్రులు నైలానుగా, బిగింపును మూడు నాలుగు పౌండ్లు తగ్గించి వేయింపవచ్చును.

నైలాను ఎంత అరిగినదో చూచుటకు, నిలువు తంత్రిని వ్రేలితో ప్రక్కకు జరిపి, అడ్డుతంత్రి దానిని దాటిన చోటును వెలుతురులో పరిశీలింపవలెను. అచట గాడి సగముమేర లోతుకు చేరినచో తెగుటకు కాల మాసన్నమైనదని తెలియును. వేసవిలో మూసిన కారులో రాకెట్టును వదలుటయు బిగింపును హరించును. తంత్రులు బిగించువానిని, వాడిన తంత్రి పేరును, పౌండ్లను, తేదీని వ్రాసిన చిన్న చీటీని పిడి పైభాగమున అంటింపుమని అడుగుడు. మరుసటిసారి బంతులు హద్దు దాటి పోవుచున్నవని బిడ్డ చెప్పినచో రెండు పౌండ్లు పెంచుమనియు, చేయి నొచ్చుచున్నదని చెప్పినచో రెండు తగ్గించుమనియు ఆ చీటీని చూచియే చెప్పగలుగుదురు.