పేరు ముందు ఏం పెట్టుకోవాలి?

మొన్న వేసవిలో మా హాస్టల్ రూమ్మేట్ ఫోన్ చేశాడు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం మూడేళ్లు చేసి, సంఘ సేవలోకి వెళ్తానని మానేశాడు. ‘ఒరేయ్, నాకో వెబ్‌సైట్ చేసిపెట్టరా’ అన్నాడు. డొమైన్ కొన్నాం, టెంప్లేట్ పెట్టాం. ‘నా గురించి’ పేజీ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాం. పేరు ముందు ఏం రాయాలి? పాస్టరా? రెవరెండా? బ్రదరా? ఇంతలో వాడికో మెసేజ్ వచ్చింది. కొంత డబ్బు కడితే గౌరవ డాక్టరేట్ ఇస్తారట. ‘అదీ పెట్టేద్దామా?’ అన్నాడు.

ఆ ఒక్క గడి నింపడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో తెలుసుకున్నవే ఇవి. మీలో ఎవరికైనా ఈ దారిలో వెళ్లాలన్న ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి.

హోదా వేరు, పని వేరు

కంపెనీలో డిజిగ్నేషన్ ఒకటి ఉంటుంది, రోజూ చేసే పని ఇంకోటి ఉంటుంది. ఇక్కడా అంతే. ‘పాస్టర్’ అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి. అది పని పేరు. ఆదివారం ప్రసంగం ఒక్కటే కాదు... ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూసి రావడం, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, ఇళ్లలో గొడవలు సర్దడం అన్నీ అందులోకే వస్తాయి. ‘రెవరెండ్’ పని పేరు కాదు. ఆర్డినేషన్ పొందినవారి పేరు ముందు చేర్చే గౌరవ పదం మాత్రమే. డీకన్ అంటే గ్రీకులో పరిచారకుడు, ప్రెస్బిటర్ అంటే పెద్ద. బిషప్ అనే మాటకు మూలార్థం పైనుంచి కనిపెట్టుకుని ఉండేవాడని. ఇన్ని మాటలున్నా మన ఊళ్లలో చాలాచోట్ల జనం నోట వచ్చేది ఒక్కటే... ‘అయ్యగారు’!

ఏ సంఘంలో ఏ దారి?

సీఎస్ఐ: ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన చర్చి ఇది. డీకన్, ప్రెస్బిటర్, బిషప్... మూడు అంచెలు. డోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల, కరీంనగర్ డయోసిస్‌లు మన దగ్గరున్నాయి. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో బాధ్యత తీసుకున్నది డోర్నకల్‌లోనే. అమ్మాయిలకూ ఇక్కడ దారి ఉంది. 2013లో నంద్యాల బిషప్ అయిన ఇ. పుష్పలలిత సీఎస్ఐలో తొలి మహిళా బిషప్.

క్యాథలిక్: ఇక్కడ ‘ఫాదర్’. మన లాటిన్ రీతి చర్చిల్లో పెళ్లికాని పురుషులకే ఈ అవకాశం. సెమినరీలో ఏళ్ల తరబడి తత్వశాస్త్రం, వేదాంతం చదివి, ముందు డీకన్ అయ్యాక గురుపట్టాభిషేకం. వ్రతాలు తీసుకున్న బ్రదర్లు, సిస్టర్లు గురువులు కారు. వారి పిలుపు వేరు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు.

బాప్టిస్టు, బ్రదరన్ తరహా సంఘాలు: బాప్టిస్టుల్లో స్థానిక సంఘమే తన పాస్టర్‌ను పిలుచుకుంటుంది. బ్రదరన్ తరహా సహవాసాల్లో ప్రత్యేక గురువర్గమే ఉండదు. హైదరాబాద్ హెబ్రోన్ కేంద్రంగా అంత పెద్ద పరిచర్య నడిపిన భక్త్ సింగ్‌ను జనం పిలిచింది ‘బ్రదర్’ అనే.

స్వతంత్ర సంఘాలు: ఇక్కడే తికమక ఎక్కువ. అపొస్తలుడు, బిషప్... ఎవరికి వారు పెట్టుకున్నా అడిగేవాళ్లుండరు. అందుకే మీరే అడగండి. ఈ హోదా ఎవరిచ్చారు? తప్పు చేస్తే నన్ను నిలదీసేదెవరు? కానుకల లెక్క ఎవరు చూస్తారు? వీటికి జవాబు లేకపోతే ఆ మాట పేరు ముందు పెట్టుకోకపోవడమే మంచిది.

చదువు సంగతి

ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువగా అడిగేది బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. సెరాంపూర్ కాలేజీ 1818లో మొదలైంది. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఆ సెనేట్‌కు అనుబంధమే. కోర్సు సాధారణంగా నాలుగైదేళ్లు. గ్రీకు, హీబ్రూ, చర్చి చరిత్ర, కౌన్సెలింగ్, ఇతర మతాల అధ్యయనం కూడా ఉంటాయి. మీ సంఘం, డయోసిస్ సిఫార్సు తీసుకున్నాకే అప్లై చేయండి. చదువయ్యాక ‘మేం పంపలేదు’ అంటే ఇబ్బంది.

ఇక ఆ డాక్టరేట్... యూజీసీ చట్టం 1956, సెక్షన్ 22 ప్రకారం చట్టబద్ధ అధికారం ఉన్న సంస్థలే డిగ్రీలివ్వాలి. డబ్బు కడితే వచ్చే పట్టా మీ సీవీకి బరువు కాదు, మచ్చ.

చట్టం ఏమంటుంది?

మావాడు అప్పటికే చిన్నాన్న కూతురి పెళ్లి తానే చేస్తానని మాటిచ్చేశాడు. భారత క్రైస్తవ వివాహాల చట్టం 1872 తిరగేస్తే ఇద్దరికీ చెమటలు పట్టాయి. బిషప్ చేత ఆర్డినేషన్ పొందినవారికి, ప్రభుత్వ లైసెన్సున్న మతబోధకులకు, చట్టం పేర్కొన్న మరికొందరికే పెళ్లి జరిపించే అధికారం ఉంది. అది లేకుండా చేస్తే సెక్షన్ 68 కింద పదేళ్ల వరకూ జైలు. ఆ రాత్రే చిన్నాన్నకు ఫోన్ చేశాడు. ‘పాటలు పాడతాను, పెళ్లి మాత్రం లైసెన్సున్న అయ్యగారు చేస్తారు’ అన్నాడు. ఆయన నొచ్చుకున్నారు. కానీ రేపు పాస్‌పోర్టుకో, వీసాకో మ్యారేజ్ సర్టిఫికెట్ అడిగితే ఇబ్బంది పడేది ఆ అమ్మాయే కదా!

ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రాల్లో బీసీ-సి కిందకి వస్తారు. ఉద్యోగ నోటిఫికేషన్లకూ అప్లై చేస్తున్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

జీతం అడగడం తప్పు కాదు

సేవ కదా, డబ్బుల గురించి ఎలా అడుగుతాం అనుకోకండి. పెద్ద సంఘాల్లో జీతం ఉంటుంది, బదిలీలూ ఉంటాయి. స్వతంత్ర సంఘాల్లో కానుకలే ఆధారం. అందుకే చాలామంది ఇంకో పని చేసుకుంటూ సేవ చేస్తారు. మీ ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్లుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. హోదా అవసరం లేని పనులూ ఉన్నాయి. ఆస్పత్రుల్లో కౌన్సెలింగ్, సండే స్కూల్, అనువాదం, సంగీతం... ముందు ఒక ఏడాది వాటిలో చేసి చూడండి. జ్వరంతో ఉన్న ముసలావిడ పక్కన గంటసేపు కూర్చోవడం మీకు విసుగనిపిస్తే, ఏ హోదా తెచ్చుకున్నా పని ముందుకు సాగదు.

మావాడు ఇప్పుడు తన సంఘం సిఫార్సుతో బీడీలో చేరాడు. వెబ్‌సైట్‌లో ఉన్నది ఉత్త పేరే. దాని కింద ఒక లైను: ‘వేదాంత విద్యార్థి. ఆదివారాలు పిల్లలకు పాఠాలు చెబుతాను.’