జక్కవల పుట్టింట్లో రెండు రాత్రులు



జక్కవ పిట్టల మాట మీరంతా వినే వుంటారు. చక్రవాకాలన్నా అవే. పగలంతా జంటగా తిరిగి, చీకటి పడేసరికి విడిపోయి ఒకదానికోసం ఒకటి ఏడుస్తాయని మన కవులు చెబుతూ వచ్చారు. నారింజపండు రంగు ఒళ్ళూ, కాస్త తెల్లబారిన తలా వున్న పెద్ద బాతులవి. చలికాలంలో మన నదులకూ చెరువులకూ వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయి. ఎక్కడికి వెళతాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. కిందటేడు జూలైలో మావారూ, నేనూ, పిల్లలిద్దరూ, మా ఆడపడుచూ కలిసి లడాఖ్ వెళ్ళినప్పుడు అలాంటి పిట్టల పుట్టిల్లు చూశాను. అక్కడే గుడారం వేసుకుని రెండు రాత్రులున్నాం. అలాంటి చోట ఎలా మసలుకోవాలో, నేను చేసిన పొరపాటేమిటో ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ఆ చోటి పేరు త్సో మొరిరి. అక్కడి భాషలో త్సో అంటే సరస్సు. లడాఖ్‌లో చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 15 వేల అడుగుల ఎత్తున వుంది. మన తిరుమల కొండలాంటివి అయిదు ఒకదానిమీద ఒకటి పెడితే ఆ ఎత్తుకు కాస్త తక్కువే అవుతుంది. లేహ్ పట్నంనుంచి సింధునది వెంట సుమారు 220 కిలోమీటర్లు కారులో పోవాలి. ఒక పూటంతా పట్టే ప్రయాణం.

అంత పెద్ద సరస్సున్న చోటు ఎడారి ఎలా అవుతుందని మా అబ్బాయి అడిగాడు. వానమబ్బుల్ని హిమాలయాలు దక్షిణం వైపే ఆపేస్తాయి. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 10 సెంటీమీటర్లు. మన హైదరాబాదులో ఒక్క మంచి ముసురుకే అంత పడిపోతుంది. చెట్టన్నది కనిపించదు. కొండలమీద మంచు కరిగి, వాగులై వచ్చి సరస్సులో చేరుతుంది. వచ్చిన నీటికి బయటికిపోయే దారి లేదు. ఎండకు ఆవిరై పోవలసిందే. అంచేతనే ఆ నీళ్ళు కాస్త ఉప్పగా వుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ముందు ఆరోగ్యం మాట. అంత ఎత్తున గాలి పలచన. ఒక్కో ఊపిరికీ మనకు అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో 60 శాతం కూడా వుండదు. విమానం దిగుతూనే సరస్సుకు పరుగెత్తకూడదు. లేహ్‌లో కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి. మావారికి సెలవులు తక్కువ, ఒక్కరోజు చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. మూడు రాత్రులున్నాం. అయినా సరస్సు దగ్గర మొదటి రాత్రి మా ఆడపడుచుకు తలనొప్పి, వికారం పట్టుకున్నాయి. గోరువెచ్చని నీళ్ళూ, పలచని జావా ఇచ్చి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాను. తెల్లారేసరికి తగ్గింది. తగ్గకపోతే వెంటనే కిందికి దిగిపోవాలని ముందే అనుకున్నాం. నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, మాట తడబడినా తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. కిందికి దిగడమే అసలైన మందు. గుండెజబ్బు, ఉబ్బసం, రక్తపుపోటు వున్నవాళ్ళు ఇంటి దగ్గరే డాక్టరుగారిని అడిగి బయలుదేరాలి.

ఇక వంట. ఆ ఎత్తున నీళ్ళు 85 డిగ్రీల వేడికే మరిగిపోతాయి. తెర్లుతూ కనిపిస్తాయి గాని బియ్యం ఉడకవు, పప్పు అసలే మెత్తబడదు. మూత బిగించి ఆవిరిని అదిమిపెట్టే ప్రెషర్ కుక్కరుంటేనే అన్నం. మేము చిన్న కుక్కరూ, బియ్యం, పెసరపప్పు, ఊరగాయ పట్టుకెళ్ళాం. పూటపూటకీ పులగమే. ఎంత చలేసినా స్టవ్వు గుడారం లోపల వెలిగించకూడదు. ఆ పొగలో వాసనకు కూడా తెలియని విషవాయువు వుంటుంది. జూలైలో కూడా రాత్రి ఎముకలు కొరికే చలి. చలి పైనుంచి కన్నా నేలనుంచే ఎక్కువ ఎక్కుతుంది. అంచేత కప్పుకునేది ఒకటి తగ్గినా ఫరవాలేదు గాని, కింద పరుచుకునేది మందంగా వుండాలి. చలిమంట వేయమని అక్కడివాళ్ళని అడగవద్దు. అక్కడ దొరికే పుల్ల ఏళ్ళ తరబడి పెరిగిన చిన్న తుప్ప. మేకలకు మేత అదే, పొయ్యిలోకి వంటచెరకూ అదే.

గుడారాల్లో బతకడం చాంగ్‌పా వారి దగ్గర నేర్చుకోవాలి. జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాల్లో వుంటూ, మేకల మందలతో పచ్చికవెంట తిరుగుతారు. మనం పెళ్ళిళ్ళకు భుజాన వేసుకుని మురిసిపోయే పష్మీనా శాలువ ఆ మేకల మెత్తటి లోబొచ్చుతో నేసిందే. మనకు రెండు రాత్రుల సరదా, వాళ్ళకు అదే సంసారం.

సరస్సు ఒడ్డున కోర్జోక్ అని ఒక ఊరు, అందులో బౌద్ధ మఠం వున్నాయి. నీటి ఒడ్డునే గుడారం వేసుకోవాలని మా పిల్లల కోరిక. వేయకూడదు. ఎడంగా, ఊరివాళ్ళు చూపించిన చోటే వేసుకున్నాం. ఎందుకంటారా? ఒడ్డున వాగులు కలిసేచోట చిత్తడి నేలలున్నాయి. అవి పిట్టలకు పురిటిగదులు. తలమీద రెండు నల్ల పట్టీలుండే పట్టీతల బాతులు అక్కడ గుడ్లు పెడతాయి. హిమాలయాలమీదుగా ఎగిరే ఈ బాతులు 7 వేల మీటర్లు దాటిన ఎత్తున ఎగిరినట్టు పరికరాలు కట్టి చూసిన శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. మన జక్కవలు కొండ కంతల్లో గూడు పెట్టుకుంటాయి. అన్నిటికన్నా అపురూపమైనది నల్లమెడ కొంగ. నిలబడితే మనిషి నడుము దాటే ఎత్తు. మన దేశం మొత్తంమీద అది పిల్లల్ని చేసేది ఒక్క లడాఖ్‌లోనే. 2021లో దాన్ని లడాఖ్ అధికార పక్షిగా ప్రకటించారు. ఈ సరస్సును 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలో చేర్చారు.

ఇప్పుడు నా పొరపాటు. మొదటిరోజు సాయంత్రం పులగం మిగిలింది. గుడారం దగ్గరికి రెండు కుక్కలొచ్చి తోకాడించాయి. మిగిలిన అన్నం పారేయకుండా నోరులేని జీవానికి పెట్టమని మా అమ్మ నేర్పింది. మీ అమ్మగారూ అదే నేర్పి వుంటారు. పిలిచి పెట్టాను. గిన్నె ఖాళీ అవుతుండగా, మాకు చోటు చూపించిన అబ్బాయి పరుగున వచ్చాడు. కోప్పడలేదు. “అమ్మా, మీరు రేపో ఎల్లుండో వెళ్ళిపోతారు. ఈ కుక్కలు ఇక్కడే వుంటాయి” అన్నాడు హిందీలో.

మర్నాడు పొద్దున్న దూరంగా నిలబడి దుర్భిణీలో చూశాం. చిత్తడిలో నల్లమెడ కొంగల జంట, వాటి కాళ్ళ దగ్గర గోధుమరంగు పిల్ల ఒక్కటి. ఇవి సాధారణంగా రెండే గుడ్లు పెడతాయి. తల్లీతండ్రీ నెలరోజులపాటు వంతులవారీగా పొదుగుతాయి. చూస్తుండగానే గట్టువెంబడి ఒక కుక్క మెల్లగా నడిచి వచ్చింది. కొంగలు రెండూ మెడలు నిక్కించి, కొండలు మారుమోగేలా అరిచాయి. ఒకటి రెక్కలు విప్పి ఎదురు నిలబడింది. కుక్క కాసేపు చూసి వెనక్కు మళ్ళింది. నాకు మాత్రం కాళ్ళు వణికాయి. అది రాత్రి నా చేతి ముద్ద తిన్న కుక్కో కాదో చెప్పలేను.

శిబిరాల్లోనూ హోటళ్ళలోనూ మిగిలినది తిని అక్కడ ఊరకుక్కలు పెరిగిపోయాయి. యాత్రికులు రాని నెలల్లో ఆకలితో గుంపులు కట్టి తిరుగుతాయి. గుడ్లూ, ఎగరలేని పిల్లలూ వాటి నోట పడతాయి. ఇంటి దగ్గర పుణ్యమైన పని అక్కడ పాపమైంది. దారిలో కలుగునుంచి తొంగిచూసే మర్మాట్‌లకు బిస్కెట్లు వేయడమూ అంతే. అడవిగాడిదల వెంట కారు పరుగెత్తించడమూ అంతే.

రెండో రోజు సరిపడా కొలిచి వండాను. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, సరస్సుకు ఎడంగా కడిగాం. బయటికిపోయే దారిలేని నీళ్ళని చెప్పాను కదా, అందులో కలిసిన సబ్బు అందులోనే వుంటుంది. ప్లాస్టిక్ కవర్లూ, తొక్కలూ, మిగిలిన మెతుకులతోసహా మూటకట్టి లేహ్‌కు తెచ్చేశాం.

బాలింత వున్న ఇంటికి చుట్టపుచూపుగా వెళితే మనం గట్టిగా మాట్లాడం, తలుపులు ధడాలున వేయం, వాళ్ళ పద్ధతులు అడిగి తెలుసుకుంటాం. ఆ సరస్సు దగ్గరా అంతే. ఈ చలికాలం మీ ఊరి చెరువులో నారింజరంగు బాతుల జంట కనిపిస్తే పిల్లలకు చూపించండి. అలాంటి దూరపు పుట్టింటినుంచే అవి వచ్చాయని చెప్పండి.

సెలవు.