పెరటి సాగులో కోడిపెంట: ‘వేడి’, ‘మాగడం’

కోడిపెంట పచ్చిగా వేస్తే ‘వేడి చేసి’ మొక్క మాడిపోతుందంటారు. ఈ మాటకు రసాయనికమైన ఆధారం ఉంది. పక్షులకు మూత్రం వేరుగా రాదు. నత్రజని అధికభాగం యూరిక్ ఆమ్లరూపంలో పెంటతోనే వెలువడుతుంది. తడి తగలగానే సూక్ష్మజీవులు దానిని క్రమంగా అమోనియాగా మారుస్తాయి. లేతవేళ్లను దెబ్బతీసేవి ఆ అమోనియా, లవణాలే.

పండుకూ ఎరువుకూ తెలుగులో ఒకే క్రియ, ‘మాగు’. కర్బనం హెచ్చుగా ఉన్న ఎండుటాకులు, ఊక కలిపి, చెమ్మ ఆరనీయక, తిరగవేస్తూ కుప్పను నెలల తరబడి మాగబెట్టాలి. లోపల 55 డిగ్రీల సెల్సియస్ కొన్ని రోజులు నిలిస్తే సాల్మొనెల్లా వంటి రోగకారకాలు నశిస్తాయి. (మొదటి ‘వేడి’ మాటవరసకు అన్నది, ఇది ఉష్ణమాపకానికి అందేది.) ఆకుకూరల మళ్లకు ఈ జాగ్రత్త మరింత అవసరం. ఘాటు పోయి మట్టివాసన వచ్చిన పిదపనే ఎరువును వాడడం ఉచితం.