పాత ఫిల్టరును పారేయకండి

మా తాతయ్యకు ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది, విప్పితే చిరుగుతుంది. సెల్‌ఫోనుతో కాపీ తీద్దామంటే కిటికీ వెలుగు ముఖాన్ని కప్పేసింది. ఊళ్లో స్టూడియో మూసేసిన పెద్దాయన ఇచ్చిన పాత పోలరైజర్ ఫిల్టరు ఆ ముఖాన్ని దక్కించింది.

మిత్రులారా! ఫిల్ము రోజుల్లో లెన్సుకు రకరకాల ఫిల్టర్లు బిగించేవారు. బల్బు వెలుగులోని పసుపును తగ్గించే నీలి ఫిల్టరు పనిని నేడు వైట్ బ్యాలెన్స్ చేస్తుంది. నలుపు తెలుపు ఫొటోలకు వాడిన ఎరుపు, పసుపు ఫిల్టర్ల పనిని కంప్యూటరు చాలావరకు చేస్తుంది. పోలరైజర్ సంగతి వేరు.

అద్దం, నీటి మీద ఏటవాలుగా పడి పరావర్తనం చెందిన కాంతి ఎక్కువగా ఒకే తలంలో కంపిస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ధ్రువణం ఇదే. ఫిల్టరును తగినట్టు తిప్పితే ఆ కాంతి ఆగిపోతుంది. మామూలు కెమెరా సెన్సారు వెలుగును, రంగును నమోదు చేస్తుంది గానీ కంపన తలాన్ని కాదు. వెలుగు పూర్తిగా మింగేసిన ముఖాన్ని సాఫ్ట్‌వేరు గీసి ఇచ్చినా అది ఊహే, తాతయ్య కాదు.

ఎదురుగా నిలబడితే ఫలితం ఉండదు. అద్దం లంబం నుంచి సుమారు 56 డిగ్రీల కోణంలో తీయాలి. వంకరను తర్వాత కంప్యూటరులో సరిచేసుకోవచ్చు. ఫిల్టరు లెన్సుకు సరిపోకపోతే ఫోను ముందు చేత్తో పట్టుకుంటే చాలు. ఎల్‌సీడీ తెర ముందు తిప్పినప్పుడు నల్లబడితే అది పోలరైజరే. లోహపు మెరుపును మాత్రం ఇది తీయలేదు.

వేలిముద్ర వేసిన మా తాతయ్య ఇప్పుడు మా ఇంటి తొలి డిగ్రీ పట్టా పక్కన గోడమీద ఉన్నాడు.